చేతి కొలతకు మీట



ఇవాళ నేను చెప్పబోయేది వంట గురించి కాదు, కుట్టుపని గురించీ కాదు. కాదంటున్నాను గాని, ఒక విధంగా కుట్టుపని లాంటిదే లెండి. వీడియో గేము ఆడేటప్పుడు పిల్లలు చేతిలో పట్టుకుని టకటకా నొక్కే కంట్రోలరు వుంటుంది చూశారూ, దాన్ని ఇంట్లోనే చేసుకోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను. కావలసిన సరంజామా ఏమంటారా? పాత మౌసు ఒకటి, అరిగిపోయిన హవాయి చెప్పు ఒకటి, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు కాగితం మూరెడు.

"పిల్లలు ఫోను వదలటంలేదని మేం మొత్తుకుంటుంటే, ఈవిడ ఆడుకోడానికి మీట కూడా చేసిపెట్టమంటోందేమిటి?" అని మీలో కొందరు ఈపాటికే అనుకుంటూ వుంటారు. మొన్నమొన్నటిదాకా నేనూ మీ జట్టేనండి. ఎందుకు జట్టు మారానో వినండి.

మా చెల్లెల్ని కొల్లేటి లంకల్లోకి ఇచ్చాం. మా ఏలూరులో కైకలూరు బస్సెక్కితే, దారి పొడుగునా అటూ ఇటూ చేపల చెరువులూ, గట్ల మీద కొబ్బరిచెట్లూ, నీళ్ళ మీద కొంగలూ. ఆ వూళ్ళలో ఒకటి వాళ్ళది. చెల్లెలి రెండోవాడికి పదకొండేళ్ళు. వాడికి సెరిబ్రల్ పాల్సీ. అంటే పుట్టుకకు ముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడులో కదలికలను నడిపించే భాగానికి దెబ్బ తగలడం వల్ల వచ్చే అవస్థ. కండరాలు బిగుసుకుంటాయి, చెయ్యి ఒకటి చెబితే ఒకటి చేస్తుంది. తెలివితేటలకు దీనితో ముడిపెట్టకూడదు. మావాడు ఎక్కాలు ఇరవైదాకా అప్పజెబుతాడు. చెరువులో మేత ఎన్ని బస్తాలు పడిందో వాళ్ళ నాన్న మరిచిపోతే, కుర్చీలో కూర్చునే గుర్తుచేస్తాడు. వేళ్ళు మాత్రం గుప్పెట విప్పవు.

వేసవి సెలవులకు పిల్లలందరూ మా ఇంటికే చేరతారు. కిందటేడూ చేరారు. మధ్యాహ్నం ఎండకు బయటికి పోనివ్వం గనుక ల్యాప్‌టాపు ముందు గుంపుగా కూర్చుని ఆటలు. వీడిదీ ఆ గుంపులోనే ఒక చక్రాల కుర్చీ. వీడి వంతు ఏమిటయ్యా అంటే లెక్క చెప్పడం. ఎవడికెన్ని పాయింట్లు వచ్చాయో వీడే చూసి చెప్పాలి. ఒకరోజు మా పెద్దమనవరాలు, పాపం మంచి మనసుతోనే, కంట్రోలరు తెచ్చి వీడి ఒళ్ళో పెట్టింది. అది జారి కింద పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. మూడోసారి వాడే వద్దన్నాడు. "నాకు చూడ్డమే ఇష్టం పెద్దమ్మా" అన్నాడు నావైపు తిరిగి.

పదకొండేళ్ళ పిల్లాడికి చూడ్డమే ఇష్టమంటే మీరు నమ్ముతారా? ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చెల్లెలు మాత్రం, "పోనీలే అక్కా, వాడికెందుకా ఆటలు" అని పక్కకు తిరిగి పడుకుంది. అదీ నిద్రపోలేదని నాకు తెలుసు.

మా అన్నయ్య కొడుకు తాడేపల్లిగూడెంలో, 2015లో పెట్టిన ఎన్.ఐ.టి.లో చదువుకుంటున్నాడు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు వాడితో ఈ సంగతి చెప్పాను. వాడు పులిహోర తింటూ తింటూనే, "పనికిరాని మౌసేదైనా వుందా అత్తయ్యా?" అన్నాడు. తీగ వున్న పాత మౌసు ఒకటి అటక మీద దొరికింది. స్క్రూడ్రైవరుతో దాని పొట్ట విప్పి లోపల చూపించాడు. నేను ఏవేవో చక్రాలూ యంత్రాలూ వుంటాయనుకున్నాను. చూద్దును గదా, చిన్న పచ్చటి పలక, దానిమీద ఎడమ బొత్తాము కింద చింతగింజంత నల్లటి పెట్టె. అదే స్విచ్చి. దాని కాళ్ళు పలకకు అవతలి వైపు కనబడతాయి. చిన్న తీగ ముక్కతో ఆ కాళ్ళలో రెంటిని కలిపాడు. ల్యాప్‌టాపు తెరమీద, బొత్తాము నొక్కినట్టే, నొక్కు పడింది. ఎవరూ బొత్తాము ముట్టుకోలేదు.

"అంతేనా?" అన్నాను.

"అంతే అత్తయ్యా. రెండు తీగలు కలిస్తే నొక్కినట్టు, విడిపోతే వదిలినట్టు. ఎలా కలిపామన్నది కంప్యూటరుకు అక్కర్లేదు."

ఈ ముక్కే ఇవాళ్టి నా ప్రసంగానికంతటికీ మూలం. మన గోడమీద లైటు స్విచ్చి చేసే పనే ఇదీ చేస్తుంది. వేలితో కలిపినా, మోచేత్తో కలిపినా, గడ్డంతో కలిపినా దానికి ఒకటే. మరి బజారులో అమ్మే కంట్రోలరు పది వేళ్ళూ చురుగ్గా ఆడేవాళ్ళ చేతికి కొలత తీసి చేసింది. మావాడి చేతికి అది పట్టకపోతే తప్పు వాడి చేతిదెలా అవుతుంది? ఎవరి కొలతకో కుట్టిన జాకెట్టు మనకు పట్టకపోతే భుజాలు కోసుకుంటామా? విప్పి మళ్ళీ కుట్టుకుంటాం.

ఇదేదో మేం కనిపెట్టిన వింత అనుకోకండి. మా మేనల్లుడు చెప్పాక నేను కూడా కొంత చదివాను. 1958లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ అనే పరిశోధనశాలలో విలియం హిగిన్‌బాథమ్ అనే శాస్త్రవేత్త, చూడ వచ్చిన జనానికి విసుగు పుట్టకుండా ఒక టెన్నిస్ ఆట తయారుచేశాడు. అయిదంగుళాల గుండ్రటి తెరమీద వెలుగుచుక్క బంతిలా అటూ ఇటూ ఎగురుతుంది. ఆడేవాళ్ళ చేతికి తలా ఒక చిన్న పెట్టె, దానికి తిప్పే బిరడా ఒకటి, నొక్కే బొత్తాము ఒకటి. కొనుక్కుందామన్నా కంట్రోలరనే వస్తువు బజారులో లేని రోజులవి. చేసుకున్నారు, ఆడుకున్నారు. తరవాత 1977లో అటారీ వారి పెట్టె వచ్చింది. అమెరికాలో ఇంటింటికీ వీడియో ఆటను తీసుకువెళ్ళినవాటిలో అది ముఖ్యమైనది. దాని కర్రను విప్పి చూస్తే లోపల వుండేవి అయిదే అయిదు స్విచ్చులు: పైకి, కిందికి, కుడికి, ఎడమకు, పేల్చడానికి ఒకటి.

చేతులు ఆడనివాళ్ళ కోసం ఆలోచించినవాళ్ళూ వున్నారు. 1989లో నింటెండో కంపెనీ ఒకటి చేసింది. రొమ్ముకు కట్టుకుంటే గడ్డంతోనో నాలుకతోనో కర్రను కదపవచ్చు, నోట్లో గొట్టం పెట్టుకుని ఊదితే ఒక మీట, పీలిస్తే ఇంకో మీట. 2018లో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్స్ కోసం చేసినది ఇంకా తమాషా అయినది. దానిమీద పెద్ద బొత్తాములు రెండున్నాయి గాని, దాని గొప్పతనమంతా వెనకవైపు వుంది. పాట వినే ఇయర్‌ఫోను పిన్ను పట్టే చిన్న కన్నాలు పంతొమ్మిది వరసగా వుంటాయి. ఎవరికి ఏ మీట వీలో అది తెచ్చి ఆ కన్నంలో గుచ్చుకోవడమే. అమెరికాలో అప్పటి వెల సుమారు 100 డాలర్లు. మీటలు వేరే కొనుక్కోవాలి. అంత పెట్టగలిగినవాళ్ళు సుఖంగా కొనుక్కోవచ్చు, నేను కాదనను. మాకు మాత్రం అటక మీది మౌసే దిక్కయింది.

సరే, పనిలోకి వద్దాం. అన్నిటికన్నా ముందు చెయ్యవలసిన పని ఒకటుంది, అది తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. వస్తువు చెయ్యడం కాదు, పిల్లాణ్ణి చూడటం. వాడంతట వాడు, ఎవరూ చెప్పకుండా, ఏ కదలిక సులువుగా చేస్తున్నాడు? నేను కుడిచేయి కదా అని కుడిపక్కన పెట్టేశాను. వాడు పాపం చెమటలు కక్కాడు. తరవాత వాడు నవ్వేటప్పుడు చూస్తే, ఎడమ చేతి గుప్పెట దానంతటదే లోపలివైపుకు, ఒళ్ళోకి వాలుతోంది. అదే వాడి చేతనైన కదలిక. మీట అక్కడే వుండాలి, ఎడమవైపు, ఒళ్ళోకి కాస్త వాలుగా.

రెండోది, ఎంత బలం. మా వంటింటి కాటా తెచ్చి వాడి ముందు పెట్టి, "నొక్కరా నాన్నా" అన్నాను. సులువుగా నొక్కితే 200 గ్రాములు చూపించింది. ఆటలోకి దిగాక పదిసార్లు కాదు, వందసార్లు నొక్కాలి గదా, అందుకని అందులో సగానికే పలికేలా చెయ్యాలనుకున్నాను. నేను చేసిన మొదటి మీట మీద కందిపప్పు పొట్లం పెట్టి చూస్తే, అరకిలో పెడితేగాని పలకలేదు. పప్పు పొట్లం ఆట ఆడుతుందిగాని పిల్లాడు ఆడలేడు.

మీట సంగతి చెబుతాను. చిన్న పళ్ళెమంత అట్టముక్కలు రెండు కోసుకోండి. ఒక్కొక్కదానికి లోపలివైపు రేకు కాగితం అంటించండి. రేకు ముడతలు పడకూడదు, గరిటె వీపుతో సాపు చెయ్యాలి. ముడతలుంటే ఒక్కసారి నొక్కినా రెండుసార్లు నొక్కినట్టు పడుతుంది, ఆటలో పిట్ట అనవసరంగా రెండుసార్లు ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. ఈ రెండు అట్టల మధ్యా హవాయి చెప్పు అట్టను పలచగా కోసి, చక్రంలాగా నడిమి భాగం తీసేసి పెట్టాలి. పైన నొక్కితే నడిమి ఖాళీలోంచి రెండు రేకులూ కలుస్తాయి. వదిలితే విడిపోతాయి. చెప్పు మందం ఎక్కువైతే బలం ఎక్కువ కావాలి, తక్కువైతే నొక్కకుండానే అంటుకుంటుంది. చాకుతో పొరలు పొరలుగా కోసి మూడుసార్లు మార్చాక 100 గ్రాముల దగ్గరికి వచ్చింది. పైన మెత్తటి గుడ్డ తొడుగు కుట్టాను. అది మాత్రం మనకు ఒకరు నేర్పాలా!

రెండు రేకులనుంచి రెండు తీగలు బయటికి తీసి, మౌసు లోపలి ఆ రెండు కాళ్ళకూ టంకం వెయ్యాలి. ఏ రెండు కాళ్ళో తెలియకపోతే, మౌసు తగిలించి వుంచి తీగ ముక్కతో రెండేసి కాళ్ళు తాకించి చూడండి, ఏ రెంటికి తెరమీద నొక్కు పడితే ఆ రెండే. ఆపైన మౌసు ఊడదీసి మరీ టంకం పట్టండి. చేతకాకపోతే మొబైలు ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళకిస్తే రెండు నిమిషాల పని. నాకు మాత్రం చేతనవునని గొప్పకు పోయి, రేకు కాగితానికి కూడా టంకం వెయ్యబోయాను. తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయిందిగాని అంటితే ఒట్టు! అల్యూమినియానికి పైన కంటికి కనపడని తుప్పు పొర ఒకటుంటుందట, మామూలు టంకం దానికి పట్టదు. అందుకని తీగ చివర పోగులు విడదీసి, రేకు అంచు దానిమీదకి మడిచి, స్టాప్లరు పిన్ను కొట్టి పైన టేపు వేశాను. ఇప్పటిదాకా వూడలేదు.

మౌసు అడుగున వెలుగు వచ్చే కన్నం వుంటుంది, దానికి నల్లటేపు వెయ్యండి. లేకపోతే కాస్త కదిలినా తెరమీద బాణంగుర్తు ఊరంతా తిరుగుతుంది. తీగను పెట్టెలోపల ఒక ముడి వేసి బయటికి తియ్యండి, పిల్లాడు లాగినా ముడి దగ్గర ఆగుతుంది, టంకం వూడదు. మీట జారకుండా కింద మా ఏలూరు ఊలు తివాచీ ముక్క ఒకటి వేశాను. ఇంతకన్నా మంచి ఉపయోగం దొరకదు ఆ ముక్కకు, ఎలకలు కొరికేసినదేగా. అన్నీ కలిపి 300 రూపాయలు దాటలేదు. అటక మీద మౌసు దొరక్కపోయినా, తీగ వున్న మామూలు మౌసు కొత్తది రెండు మూడొందలకు వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. కంప్యూటరు నుంచి మౌసుకు వచ్చేది 5 వోల్టులు మాత్రమే, దానితో భయం లేదు. గోడ ప్లగ్గుకు తగిలించే ఏ వస్తువునూ ఇలా విప్పి ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి. గుండ్రటి చిన్న బ్యాటరీ బిళ్ళలు పిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. టంకంలో సీసం వుండవచ్చు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునిగాని పిండి కలపడానికి వెళ్ళవద్దు. చొంగ కార్చే పిల్లలకైతే మీట మీద పలచని ప్లాస్టిక్కు సంచీ తొడగాలి, దాన్ని మొహానికి తగలకుండా గట్టిగా అంటించాలి.

ఇక ఆట. ఒక్క నొక్కుతో ఆడే ఆటలు బోలెడున్నాయి. పిట్ట ఒకటి ఎగురుతూ వుంటుంది, నొక్కితే పైకి లేస్తుంది, నొక్కకపోతే కిందికి జారుతుంది, మధ్యలో అడ్డొచ్చే గొట్టాల సందుల్లోంచి దాన్ని దాటించాలి. 2013లో వియత్నాం కుర్రవాడొకడు చేసిన ఫ్లాపీ బర్డ్ ఈ తరహాదే. తరవాత అలాంటివి ఎన్నో వచ్చాయి. మావాడికి అదే పెట్టాం. మొదటి రోజు పిట్ట ఒక్క గొట్టం కూడా దాటలేదు. రెండో రోజు ఒకటి దాటింది. మా చెల్లెలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఏ ప్రమాదం జరిగిందోనని. అంత గట్టిగా అరిచాడు వాడు. ఆ పిట్టకు వాడే పేరు పెట్టాడు, గూడబాతు అని. ఆటపాకలో వాళ్ళ నాన్న చూపించిన గూడబాతులు మరి వీడికి అన్ని పక్షులకన్నా గొప్పవి.

సెలవులైపోయి వాళ్ళు వూరెళ్ళారు. ఇక్కడితో కథ కంచికి అనుకున్నానా, శ్రావణమాసంలో ఫోను. "పెద్దమ్మా, గూడబాతు నేను నొక్కకుండానే ఎగురుతోంది." ఆ వారమే వెళ్ళి చూశాను. వానలకు కొల్లేరు నిండింది, ఇల్లంతా చెమ్మ, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారుతోంది. నా అట్టముక్కలు మాత్రం అప్పడంలా నిలబడతాయా? మెత్తబడి లోపలికి కుంగి రేకులు రెండూ అంటుకుపోయాయి. ఏలూరులో కొలత తీసి కొల్లేటిలో తొడిగితే ఇలాగే అవుతుంది. వాళ్ళన్నయ్య పరీక్ష అట్ట, ఆ గట్టి నున్నటిది, పాతది ఒకటి తీసుకుని రంపంతో కోసి మళ్ళీ చేశాం. అంచులకు మైనం పట్టించాం. ఈసారి తీగను మౌసుకే అతికించకుండా, మధ్యలో ఇయర్‌ఫోను పిన్నూ దాని కన్నమూ పెట్టాం. మీట పాడైతే మీట ఒక్కటే మార్చుకోవచ్చు, రేపు ఎవరైనా ఆ పంతొమ్మిది కన్నాల పెట్టె ఇచ్చినా ఇదే మీట దానికీ గుచ్చవచ్చు.

మా మేనల్లుడు ఆ వారం రాలేకపోయాడు. నేనూ మా చెల్లెలే చేశాం. అదే టంకం వేసింది. దాని చెయ్యి నాకన్నా కుదురైనది, ఒప్పుకోక తప్పదు.

సంక్రాంతికి మళ్ళీ అందరూ మా ఇంట్లో చేరారు. పోటీ పెట్టుకున్నారు, పెద్దమనవరాలూ వీడూ. ఆ పిల్ల చేత్తో మామూలు మౌసు, వీడి ఒళ్ళో గుడ్డ తొడుగు మీట. ఒకరి తరవాత ఒకరు. వీడు పద్నాలుగు గొట్టాలు దాటించాడు. ఆ పిల్ల పదహారు దాటించింది. ఓడిపోయాడని తెలియగానే మొహం ఎర్రబడింది, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, "అది దొంగాట ఆడింది" అని కేకలు. మేమందరం ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాం. ఆ పిల్లేమో, "దొంగాటేం కాదు, నువ్వే తొందరపడి నొక్కావు" అని సమానంగా దెబ్బలాడుతోంది. అంతకుముందు ఎవరూ వాడితో దెబ్బలాడేవారు కాదండి. మా చెల్లెలు తలుపు చాటున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

రోజుకు అరగంట మించి ఆడనివ్వద్దని చెల్లెలికి చెప్పాను. మీ ఇంట్లోనూ ఆ కట్టడి వుండవలసిందే, మీట ఎవరి చేతిదైనా.

ఇప్పుడు వాడికి ఒక్క మీట చాలటంలేదు. కారు నడిపే ఆట కావాలట, దానికి కనీసం రెండుండాలి, కుడికొకటి, ఎడమకొకటి. మౌసు నొక్కులతో ఆ పని కాదు. మా మేనల్లుడు ఒక చిన్న పలక తెచ్చాడు, అగ్గిపెట్టె కన్నా చిన్నది. దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే "నేను కీబోర్డుని" అని చెప్పుకుంటుంది, అదీ నమ్ముతుంది. ఏ తీగ కలిస్తే ఏ అక్షరం నొక్కినట్టో వాడు అందులో రాసిపెడతాడు. ఇలాంటివాటిలో 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో అనేది నాలుగు డాలర్లకే మొదలైందట. అది వాడి పని. నా పని కొలత. ఎడమ గుప్పెట ఎలాగూ వుంది. రెండో మీట ఎక్కడ పెట్టాలా అని మళ్ళీ రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. కుడి మోకాలు. పక్కకు నొక్కితే కాటా మీద 700 గ్రాములు చూపించింది, చేతికన్నా మూడు రెట్లు పైనే. అంత బలమైన మోకాలు వుందని ఇన్నాళ్ళూ మాకెవరికీ తెలియదు.

మోకాలి మీటకు మందపాటి చెప్పే కావాలి. పాతది మొదటి మీటకే అయిపోయింది. మావారి హవాయి చెప్పుల్లో కుడికాలిది నిన్న పొద్దున కోసేశాను. సాయంత్రం ఆయన వాకిట్లో కాసేపు వెతుక్కుని, నా చేతిలో చాకు చూసి, ఏమీ అనకుండా ఎడమకాలిది కూడా తెచ్చి నా ముందు పెట్టారు.